ఇరవై ఒక్క వాటాల నీరు, ఒక చిన్న కచేరీ పట్టణం

ఇరాన్‌లో ఇస్ఫహాన్ నగరం నుంచి ఈశాన్యంగా నూట ఇరవై కిలోమీటర్ల లోపు ప్రయాణిస్తే కర్కస్ కొండలు వెనకబడి, దష్తె కవీర్ అనే ఉప్పుటెడారి అంచు మొదలవుతుంది. ఆ అంచు మీద ఉన్న పట్టణం అర్దెస్తాన్. 2016 జనగణన నాటికి అక్కడి జనాభా పదిహేను వేల పైచిలుకు. తెలుగునాట అంత జనం ఉండి కూడా పంచాయతీలుగానే మిగిలిపోయిన ఊళ్లు చాలా ఉన్నాయి. అర్దెస్తాన్ మాత్రం ఒక జిల్లాకు ముఖ్య పట్టణం. ఆ జిల్లా విస్తీర్ణం సుమారు 11 వేల చదరపు కిలోమీటర్లు. 2022లో విడిపోకముందు గుంటూరు జిల్లా విస్తీర్ణం కూడా దాదాపు ఇంతే. గుంటూరు జిల్లాలో 2011 నాటికి 48 లక్షలకు పైగా జనం ఉంటే, అర్దెస్తాన్ జిల్లా మొత్తం కలిపినా నలభై వేల చిల్లరే. అంటే చదరపు కిలోమీటరుకు నలుగురు.

మన దగ్గర జిల్లా కేంద్రం అనగానే అర్జీలు పట్టుకుని కలెక్టరేటు ముందు నిలబడ్డ జనం, బస్టాండులో రద్దీ, ఊరి చుట్టూ ఏటేటా పెరిగే కాలనీలు కళ్ల ముందు మెదులుతాయి. అక్కడ కేంద్రానికి పని కల్పించేది జనసమ్మర్దం కాదు, దూరం. ఎడారి అంచున విసిరేసినట్టున్న పల్లెల్లో బిడ్డ పుడితే పేరు నమోదు కావాలన్నా, పొలం చేతులు మారాలన్నా, గట్టు తగాదా తీరాలన్నా ఎక్కడో ఒకచోట ఒక బల్ల, ఒక రిజిస్టరు, ముద్ర వేసే అధికారం ఉన్న ఒక మనిషి ఉండాలి. ఆ చోటు ఇదే కావాలని ఎవరు తేల్చారు? అర్దెస్తాన్ విషయంలో దీనికి దొరికే జవాబు, రాజధానిలో కూర్చుని గీసిన పటాల కంటే చాలా పాతది. అది నేల కింద ఉంది.

నేల కిందికి దిగేముందు పదవుల పేర్లు ఒకసారి చూడాలి, ఎందుకంటే వాటిలో సగం మన చెవులకు అలవాటైనవే. ఇరాన్ పాలనలో అన్నిటికంటే పెద్ద విభాగం ఓస్తాన్. ఇప్పుడు అలాంటివి 31 ఉన్నాయి. దాని కింద షహ్రెస్తాన్. మన జిల్లాతో పోల్చదగినది ఇదే. ఆ కింద బఖ్ష్, అంటే భాగం. ఆ కింద కొన్ని పల్లెలు కలిసిన దెహెస్తాన్. షహ్రెస్తాన్‌ను పాలించే అధికారి ఫర్మాన్‌దార్. ఫర్మానా అనే మాట నైజాం ఏలుబడి నుంచి మనకు తెలుసు. జమీందారు, తహసీల్దారు, హవల్దారు అన్నప్పుడు చివర వచ్చే దారు కూడా తెలుసు. ఫర్మాను చేతిలో ఉన్నవాడు ఫర్మాన్‌దార్. బఖ్ష్ చేతిలో ఉన్నవాడు బఖ్ష్‌దార్. పట్టణం చేతిలో ఉన్నవాడు షహర్‌దార్, అంటే మేయరు. పల్లె పనులు చూసే మనిషిని మాత్రం దెహ్‌యార్ అంటారు. యార్ అంటే తోడు, చెలికాడు. పై మెట్లలో పట్టుకునేవారు, కింది మెట్టులో తోడుండేవారు. ఈ తేడాను ఎవరు ఏ ఉద్దేశంతో పెట్టినా, వినడానికి బాగుంది.

ఒకే మాట రెండు దేశాల కచేరీల్లో రెండు దారులు పట్టిన సందర్భాలు కూడా ఉన్నాయి. దర్ఖాస్తు అక్కడా ఇక్కడా ఒకటే, కోరిక తెలిపే కాగితం. ఫిర్యాదు మనకు పోలీసు స్టేషన్లో ఇచ్చేది. ఫార్సీలో ఫర్యాద్ అంటే అరుపు, ఆక్రందన, అంతే. ఆఫీసులో ఇచ్చే ఫిర్యాదును అక్కడివారు షికాయత్ అంటారు. మనం దస్తావేజు అనేదాన్ని వారు సనద్ అంటారు. జమీందారీ కాలపు సనదు అదే. దస్తావీజ్ అన్న మాట ఇప్పటి ఫార్సీలో ఎక్కువగా సాకు అనే అర్థంలో వినిపిస్తుంది. భూమి కాగితాల కోసం మన ఆఫీసుల చుట్టూ తిరిగినవారికి ఈ అర్థభేదం పెద్ద వింతగా తోచకపోవచ్చు.

అర్దెస్తాన్ షహ్రెస్తాన్‌లో రెండు బఖ్ష్‌లు ఉన్నాయి. ఒకటి అర్దెస్తాన్ కేంద్రంగా ఉన్న మధ్య భాగం, రెండోది జవారె. పట్టణాలు మూడు: అర్దెస్తాన్, జవారె, మహాబాద్. ఈ మహాబాద్ వేరు, కుర్దుల ప్రాంతంలోని ప్రసిద్ధ మహాబాద్ వేరు. దెహెస్తాన్ల పేర్లు చదివితే ఆ నేల రూపం తెలిసిపోతుంది. ఒకటి ఓల్యా, అంటే పైది. మరొకటి సోఫ్లా, అంటే కిందిది. ఇంకొకటి గర్మ్‌సీర్, వేడి నేల. జవారె వైపు ఉన్న మరోటి రీగెస్తాన్, ఇసుక నేల. కొండ నుంచి ఎడారికి నేల ఎలా వాలుతుందో, నీరు ఎటు నుంచి ఎటు పోతుందో ఈ పాలనా విభాగాల పేర్లలోనే రాసి ఉంది. ఎగువ, దిగువ అన్న రెండు మాటలు లేకుండా ఆ జిల్లా పటం గీయడం కుదరదు.

మన దగ్గర కరువు సీమ అని పేరుపడ్డ అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. అర్దెస్తాన్‌లో పడేది అందులో నాలుగో వంతు కూడా ఉండదేమో అన్నంత తక్కువ. ఏడాది పొడవునా పారే నది లేదు. అయినా వెయ్యేళ్ల కిందటే అక్కడ ప్రాకారం ఉన్న పట్టణం ఉంది. పదో శతాబ్దపు భూగోళ రచయిత ఇస్తఖ్రీ ఆ కోటకు ఐదు ద్వారాలు ఉన్నాయని, ఊరి నడుమ మసీదు ఉందని, అక్కడ నేసిన పట్టు బట్టలు బయటి ఊళ్లకు పోతాయని రాశాడు. ఈ వైభవానికి ఆధారం కనాత్.

కనాత్ అంటే నేల కింద తవ్విన వాలు సొరంగం. కొండ పాదంలో భూగర్భ జలం దొరికే చోట ముందుగా ఒక లోతైన బావి తవ్వుతారు. దానిని మాదర్ చాహ్ అంటారు, తల్లి బావి. అక్కడి నుంచి ఊరి వైపు, అతి కొద్ది వాలుతో, నీరు తనంతట తాను నడిచి వచ్చేటట్టు సొరంగం తీస్తారు. మట్టి పైకి తీయడానికి, లోపలికి గాలి ఆడడానికి దారి పొడవునా నిలువు బావులు ఉంటాయి. విమానం నుంచి చూస్తే ఎడారిలో పెద్ద పెద్ద చీమల పుట్టలు వరుసగా పెట్టినట్టు కనిపించేవి ఈ బావుల నోళ్లే. చివరికి ఊరి దగ్గర నీరు వెలుగు చూస్తుంది. ఆ చోటు పేరు మజ్హర్. మోట లేదు, ఏతం లేదు, ఎద్దు లేదు, కరెంటు లేదు. వాలు కాస్త ఎక్కువైతే ప్రవాహం సొరంగాన్ని కోసేస్తుంది, తక్కువైతే పూడిక పడుతుంది. ఆ వాలును కొలిచింది నూనె దీపం వెలుగులో, తాళ్లతో, కంటి అంచనాతో. ఈ పని చేసేవారిని ముఖన్నీలు అంటారు. తండ్రి నుంచి కొడుక్కి వచ్చిన వృత్తి ఇది, సొరంగం కూలి ప్రాణాలు పోయిన వృత్తి కూడా. ఇదే విద్య దక్కనుకూ వచ్చింది. జహీరాబాద్ దాటగానే వచ్చే బీదరులో బహమనీల కాలపు కరేజ్ సొరంగాలు ఇప్పటికీ ఉన్నాయి. కనాత్‌కే అది మరో పేరు.

అర్దెస్తాన్‌లోని మూన్ అనే పేటలో ఉన్న కనాత్ ఇంకొక అడుగు ముందుకు వేసింది. అది రెండంతస్తులది. ఒక సొరంగం కింద సుమారు మూడు మీటర్ల తేడాతో ఇంకో సొరంగం నడుస్తుంది. రెండింటి మధ్య నీరు ఇంకని మట్టి పొర ఉంది కాబట్టి పై నీరు కిందికి దిగదు. పొడవు సుమారు రెండు కిలోమీటర్లు. ఎనిమిది వందల ఏళ్ల నాటిదని చెబుతారు. 2016లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన పదకొండు ఇరాన్ కనాత్‌లలో ఇది ఒకటి. తవ్వినవారి పేర్లు ఎక్కడా లేవు. వెయ్యి మందికి ఒక రాజు పేరు మిగిలే చరిత్రలో, కింది నీటిని చెడగొట్టకుండా పై నీటిని మోసుకెళ్లిన ఆ చేతుల పేర్లు ఒక్కటైనా మిగలకపోవడం బాధగా ఉంటుంది.

నీరు ఊరికి రావడం సగం కథ. రెండో సగం పంపకం. పాలన అనేది నిజంగా మొదలయ్యేది అక్కడే.

అర్దెస్తాన్ పెద్ద కనాత్ నీటిని పూర్వం ఇరవై ఒక్క వాటాలుగా విభజించారు. ఒక్కో పేటకు ఇన్ని వాటాలని లెక్క. ఈ విభజన పదమూడో శతాబ్దంలో మంగోలు పాలకుడు హులాగూ ఆజ్ఞతో జరిగిందని స్థానికులు చెప్పుకుంటారు. లెక్క కట్టింది మరాఘా వేధశాలను నడిపిన గొప్ప గణితవేత్త ఖ్వాజా నసీరుద్దీన్ తూసీ అని కూడా అంటారు. ఈ నమ్మకం చరిత్రో కాదో పక్కన పెడదాం. ఊరి జనం తమ నీటి లెక్కకు సాక్షిగా ఒక సేనాపతిని గాని, ఒక పీరును గాని తెచ్చుకోలేదు. గణితం తెలిసినవాడిని తెచ్చుకున్నారు. వాటాల పంపకం అనేది దయాదాక్షిణ్యాల వ్యవహారం కాదనీ, తప్పు పట్టడానికి వీలులేని లెక్క కావాలనీ ఆ ఊరు ఎంతగా కోరుకుందో ఇందులో తెలుస్తుంది.

ఆ లెక్కను రోజూ అమలు చేసేవాడు మీరాబ్. మీర్ అంటే అధిపతి, ఆబ్ అంటే నీరు. మన ఆబ్కారీ శాఖ పేరులో ఉన్న ఆబ్ ఇదే. తెలంగాణ చెరువుల కింద తూము తీసి కట్టే నీరటికాడు చేసిన పని వంటిదే మీరాబ్ పని. ఇరాన్ మధ్య పీఠభూమిలో కాలాన్ని కొలవడానికి వాడిన సాధనం పెంగాన్: అడుగున సన్నని బెజ్జం ఉన్న రాగి గిన్నె. దానిని నీటి తొట్టిలో తేలనిస్తే కొంతసేపటికి నిండి మునుగుతుంది. ఒక్క మునక ఒక్క కొలత. ముహూర్తాలు చూడడానికి మన పూర్వులు వాడిన గడియ కుడుక కూడా ఇదే సూత్రం మీద పనిచేసింది. ఇక్కడ అది పెళ్లి ఘడియ చెప్పింది, అక్కడ నీటి వంతు చెప్పింది. రాత్రి రెండు గంటలకు వంతు వస్తే రైతు రాత్రి రెండు గంటలకే లేచి వెళ్లి మడవ తిప్పుకోవాలి. నిద్రపోతే ఆ నీరు పోయినట్టే.

ఆస్తి లెక్కకు వారు వాడే మరో మాట దాంగ్. పూర్తి ఆస్తి అంటే ఆరు దాంగులు. ఇల్లు అమ్మినా పొలం అమ్మినా ఈనాటి సనద్‌లో కూడా ఆరు దాంగుల్లో ఎన్ని చేతులు మారుతున్నాయో రాస్తారు. పదహారణాల తెలుగు అని మనం అన్నట్టుగా, లోటు లేనిదానిని వారు షెష్‌దాంగ్ అంటారు. మధ్య పీఠభూమిలో చాలాచోట్ల నీటి వాటా భూమికి అతుక్కుని ఉండదు. దానిని విడిగా కొనవచ్చు, అమ్మవచ్చు, కౌలుకు ఇవ్వవచ్చు, కూతురికి వారసత్వంగా రాయవచ్చు. అలాంటి చోట రిజిస్ట్రేషన్ ఆఫీసు పని ఎంత పెద్దదో ఊహించవచ్చు. కనిపించే పొలానికి హద్దురాయి ఉంటుంది. పన్నెండు రోజులకో పదిహేను రోజులకో ఒకసారి వచ్చే అరగంట నీటికి హద్దురాయి ఎక్కడ పాతుతారు? దానికి జ్ఞాపకం కావాలి, ఆ తరువాత పుస్తకం కావాలి, పుస్తకాన్ని కాపాడే కచేరీ కావాలి. ఈ రకంగా చూస్తే అర్దెస్తాన్ పాలనా కేంద్రంగా ప్రకటించినందువల్ల కేంద్రం అయిందనడం కంటే, పంపకాలు చేయక తప్పని ఊరు కాబట్టే కేంద్రం అయిందనడం సబబు.

పంపకం చేసే ఊరికి నలుగురూ కూర్చునే చోటు కావాలి. అది జామె మసీదు. పాత మసీదు మీద సెల్జూక్ అనే తుర్కు రాజవంశం కాలంలో, 1158 నుంచి 1160 మధ్య, గుమ్మటం గదిని, ఈవాన్లను కట్టి ఇప్పటి రూపం ఇచ్చారు. ఈవాన్ అంటే ముందు వైపు పూర్తిగా తెరిచి ఉండే ఎత్తైన కమాను మండపం. నాలుగు దిక్కులా నాలుగు ఈవాన్లు, నడుమ ముంగిలి. ఇస్ఫహాన్ మసీదుల్లో మనం ఫొటోల్లో చూసే నీలి పలకలు ఇక్కడ కనిపించవు. ఇటుకను ఇటుకగానే ఉంచి, పేర్చిన తీరులోనే నగిషీ తెచ్చారు. మిహ్రాబుల మీద, అంటే ప్రార్థన దిక్కు చూపే గూళ్ల మీద, సున్నపు పూత చెక్కడం ఉంది. రంగు లేని ఆ గోడల ముందు ఎక్కువసేపు నిలబడాలనిపిస్తుంది. మసీదును ఆనుకుని మదర్సా, సత్రం, స్నానశాల, ఆబ్ అంబార్ ఉన్నాయి. ఆబ్ అంబార్ అంటే గుమ్మటం కింద నీరు నిల్వ చేసే పెద్ద తొట్టి. ధాన్యం అంబారాలు అని మనం అనే అంబారమే ఇది. ప్రార్థన, చదువు, వ్యాపారం, స్నానం, మంచినీరు ఒక్క గుంపుగా ఉన్న ఆ సముదాయాన్ని ఆనాటి పాలనా భవనం అనడం తప్పు కాదు.

ఇక్కడ ఒక ప్రశ్న రావాలి. పదిహేను కిలోమీటర్ల దూరంలో జవారె ఉంది. దాని చరిత్ర ఏ రకంగానూ తక్కువది కాదు. అక్కడి పామెనార్ మసీదు మినారు మీద పదకొండో శతాబ్దపు తేదీ ఉంది. 1135-36 నాటి జవారె జామె మసీదు, మొదటి నుంచే నాలుగు ఈవాన్లతో కట్టిన మసీదుల్లో తేదీ తెలిసిన తొలి కట్టడంగా కళాచరిత్రకారులు లెక్కిస్తారు. అంటే అర్దెస్తాన్ మసీదు ఇప్పటి రూపానికి రావడానికి ఇరవై ఏళ్ల పైగా ముందే చిన్న తోబుట్టువు ఆ నమూనాను కట్టి చూపింది. మరి జిల్లా జవారె పేరు మీద ఎందుకు లేదు? తేలికైన జవాబు పటంలో కనిపిస్తుంది. అర్దెస్తాన్ కొండకు దగ్గర, జవారె ఇసుకకు దగ్గర. కాషాన్ నుంచి నాయిన్ మీదుగా యజ్ద్ వెళ్లే పాత బాట కొండల అంచునే సాగుతుంది, అది అర్దెస్తాన్‌ను తాకుతుంది. నీరూ దారీ రెండూ ముందు చేరే ఊరు పెద్దన్న అయింది. జవారె బఖ్ష్ కేంద్రంగా తృప్తి పడింది. దిగువ ఊరు ఎంత గొప్ప కట్టడం కట్టినా ఎగువ ఊరి మాట చెల్లుబాటు కావడం కాలువల కింద వ్యవసాయం చేసే ఎవరికైనా అనుభవంలో ఉన్నదే.

ఈ పాత అమరిక మీదికి ఆధునిక రాజ్యం 1937లో వచ్చి కూర్చుంది. అప్పటి రాజు రెజా షా ప్రభుత్వం ఆ ఏడాది నవంబరు 7న దేశ విభజన చట్టం తెచ్చింది. మొదట ఆరు ఓస్తాన్లు అన్నారు, రెండు నెలలు తిరిగేసరికి దానిని సవరించి పది చేశారు. ఓస్తాన్లకు పేర్లు తీసేసి అంకెలు పెట్టారు. ఇస్ఫహాన్ పదో ఓస్తాన్. చరిత్ర ఉన్న నేలకు అంకె తగిలిస్తే స్థానిక అభిమానాలు పోతాయని టెహరాన్ అనుకుంది. తరువాతి కాలంలో పేర్లే తిరిగి వచ్చాయి.

ఆ చట్టం వచ్చిన ఇరవై నాలుగు రోజులకు, డిసెంబరు 1న, దూరాన ఖొరాసాన్‌లోని కాష్మర్‌లో ప్రవాసంలో ఉన్న ఒక వృద్ధుడిని ప్రభుత్వం మనుషులు చంపేశారు. ఆయన సయ్యద్ హసన్ మొదర్రెస్. అర్దెస్తాన్ దగ్గరి సరాబె కచూ అనే పల్లెలో 1870 ప్రాంతంలో పుట్టారు. ఇస్ఫహాన్‌లో, ఇరాక్‌లోని నజఫ్‌లో చదువుకుని 1910లో పార్లమెంటుకు వెళ్లారు. అధికారాన్నంతా ఒక్క చేతిలో పోగు చేసుకుంటున్న రెజా ఖాన్‌ను నిలబడి ఎదిరించారు; తరువాత రెజా షా అయినది ఈ రెజా ఖానే. 1928లో అరెస్టు చేసి దేశపు మూలకు పంపారు, తొమ్మిదేళ్ల తరువాత ప్రాణం తీశారు. ఆయన చనిపోయిన రోజును ఇప్పటి ఇరాన్ పార్లమెంటు దినంగా జరుపుతుంది, వంద రియాళ్ల నోటు మీద ఆయన బొమ్మ వేసింది. దేశాన్ని అంకెలుగా కోసిన చట్టం, ఆ రాజ్యాన్ని ప్రశ్నించిన పల్లెటూరి ప్రతినిధి హత్య, రెండూ ఒకే నెల రోజుల్లో జరిగాయి. వాటి మధ్య నేరుగా సంబంధం ఉందని చెప్పడానికి లేదు. కానీ రెండూ ఒకే పాలనా స్వభావం నుంచి వచ్చాయి. ఊళ్లు పైనుంచి వచ్చే ఆజ్ఞలను అమలు చేయాలి, పైకి ప్రశ్నలు పంపకూడదు; ఇదీ ఆ స్వభావం.

అర్దెస్తాన్ నుంచి బయటికి వెళ్లిన ఇంకొకరి కథ మన గడ్డ మీదే జరిగింది. 1591లో అర్దెస్తాన్‌లో ఒక పేద సయ్యద్ కుటుంబంలో మీర్ ముహమ్మద్ సయీద్ పుట్టాడు. కాస్త చదువూ రాతా వచ్చు. ఆ కాస్త చదువుతోనే గోల్కొండతో వజ్రాల వ్యాపారం చేసే వర్తకుడి దగ్గర గుమాస్తాగా చేరి సముద్రం దాటాడు. మచిలీపట్నం హవల్దారు అయ్యాడు. గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా కొలువులో మీర్ జుమ్లా, అంటే ప్రధాన మంత్రి, అయ్యాడు; ఆ పదవి పేరే అతని పేరుగా నిలిచింది. సొంత ఓడలు, వజ్రపు గనుల మీద పట్టు, సొంత సైన్యం సంపాదించాడు. 1650లో పెమ్మసాని వారి నుంచి గండికోట తీసుకున్నాడు. 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే గండికోటలో అతన్ని కలిసినప్పుడు, డేరాలో చెప్పులు లేకుండా కూర్చుని, కాలి వేళ్ల సందుల్లోను ఎడమచేతి వేళ్ల సందుల్లోను ఉత్తరాలు గుచ్చుకుని, ఒక్కొక్కటే తీసి జవాబులు చెప్పి రాయిస్తున్నాడట. చిన్న ఊరి గుమాస్తా పెద్ద రాజ్యపు వ్యవహారాలు నడిపిన తీరు ఇంతకంటే స్పష్టంగా ఇంకెక్కడా కనిపించదు. అదే టావెర్నియే ఇంకో సంగతి కూడా రాశాడు: ఫిరంగులు పోత పోయడానికి ఆలయాల్లోని లోహ విగ్రహాలను కరిగించారని. పెన్నా లోయ జ్ఞాపకంలో మీర్ జుమ్లా కేవలం సమర్థుడైన అధికారిగా నిలవకపోవడానికి కారణం ఇదే, ఆ బాధ న్యాయమైనది. తరువాత అతను యజమానిని వదిలి మొఘలుల వైపు వెళ్లాడు, షాజహాన్‌కు వజీరయ్యాడు, అస్సాం దండయాత్ర ముగించి తిరిగి వస్తూ 1663లో చనిపోయాడు. హైదరాబాదు పాతబస్తీలో తాలాబ్ మీర్ జుమ్లా అనే చెరువు పేరు మిగిలింది, చెరువు స్థానంలో ఇళ్లు వచ్చాయి.

ఇద్దరు మనుషులతో ఒక ఊరి స్వభావాన్ని తేల్చడం పొరపాటు. కాకపోతే ఒక మాట అనవచ్చు. నేల పిసినారిది, నీటి వాటాలు ముందే లెక్క తేలి ఉన్నాయి. ఇరవై ఒకటిని ఇరవై రెండు చేయడం ఎవరి తరమూ కాదు. అలాంటి ఊళ్లో చదువు వచ్చిన మూడో కొడుకు, నాలుగో కొడుకు బయటికి పోక తప్పదు. దక్కను సుల్తానుల కొలువులు ఇరాన్ నుంచి వచ్చిన ఇలాంటి చదువరులతో నిండడంలో ఈ ఒత్తిడి పాత్ర తక్కువది కాకపోవచ్చు.

ఈనాటి అర్దెస్తాన్‌లో ఫర్మాన్‌దార్‌ను దేశీయ వ్యవహారాల శాఖ నియమిస్తుంది. షహర్‌దార్‌ను ప్రజలు ఎన్నుకున్న పట్టణ మండలి ఎంపిక చేస్తుంది. ఈ మండళ్లకు తొలి ఎన్నికలు 1999లో జరిగాయి. మూడో అధికారం శుక్రవారం ప్రార్థన నడిపే ఇమాముది, ఆయన మాట ప్రభుత్వాఫీసుల్లో బలంగానే వినిపిస్తుంది. పార్లమెంటులో అర్దెస్తాన్ నియోజకవర్గానికి ఒక స్థానం ఉంది. కాగితం మీద చూస్తే ఇంత చిన్న పట్టణానికి ఇది చాలినంత ప్రాతినిధ్యం. చిక్కు డబ్బు దగ్గర వస్తుంది. ఇరాన్‌లో పురపాలక సంఘాల సొంత ఆదాయంలో పెద్ద భాగం భవన నిర్మాణ అనుమతుల రుసుము. టెహరాన్‌లో రోజూ కొత్త అపార్టుమెంట్లు లేస్తాయి, ఆదాయం వస్తుంది. పదిహేను వేల జనం ఉన్న ఎడారి పట్టణంలో ఏడాదికి ఎన్ని ఇళ్లు లేస్తాయి? ఎన్నికైన మండలి ఉన్నా ఖజానా తాళం చెవి పైనుంచే రావాలి. ఎన్నికలు వచ్చాయి గాని స్థానిక పాలన పూర్తిగా రాలేదు అనడానికి ఇదే గట్టి ఆధారం.

సేవలు మాత్రం దూరానికి తగ్గట్టు మలచుకున్న సందర్భాలు ఉన్నాయి. వైద్యం అందులో మెరుగైనది. 1980ల నుంచి ఇరాన్ పల్లెల్లో ఆరోగ్య గృహాలు విస్తరించాయి. వాటిలో పనిచేసే బెహ్‌వర్జ్ సాధారణంగా ఆ పల్లెకు చెందిన మనిషే. రెండేళ్ల శిక్షణ ఇచ్చి తిరిగి అక్కడికే పంపుతారు. టీకాలు, గర్భిణుల పరీక్షలు, జనన మరణాల లెక్క వారి చేతుల్లో ఉంటాయి. జిల్లా కేంద్రంలోని ఆరోగ్య విభాగం వారందరినీ కలిపి నడుపుతుంది. చదరపు కిలోమీటరుకు నలుగురున్న చోట జనాన్ని ఆసుపత్రికి రమ్మనడం కంటే ఆసుపత్రినే చిన్న ముక్కలుగా చేసి జనం దగ్గరికి పంపడం తెలివైన పని.

జిల్లాలను ఇంకా చిన్నవి చేస్తే పాలన దగ్గరవుతుందన్న వాదం అక్కడా ఉంది. 2004లో ఖొరాసాన్‌ను మూడు ఓస్తాన్లుగా విడదీశారు; దేశంలో షహ్రెస్తాన్ల సంఖ్య నాలుగు వందలు దాటింది. తెలంగాణలో 2016లో పది జిల్లాలు ముప్పై ఒకటి, తరువాత ముప్పై మూడు అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో పదమూడు ఇరవై ఆరు అయ్యాయి. జనం కిక్కిరిసిన చోట ఈ వాదానికి బలం ఉంది. అర్దెస్తాన్ వంటి చోట దానిని గుడ్డిగా అన్వయిస్తే బోర్డులు పెరుగుతాయి, బల్లలు పెరుగుతాయి, బల్లకు ఇటువైపు నిలబడే మనుషులు పెరగరు. అక్కడ అవసరమైనది పాత బల్లకే ఎక్కువ అధికారం, సొంతంగా ఖర్చు పెట్టుకునే డబ్బు.

అన్నిటికంటే పెద్ద మార్పు మళ్లీ నేల కిందే జరిగింది. గత శతాబ్దం మధ్యలో మోటారు పంపులు వచ్చాయి. కనాత్ భూగర్భ జలం తనకుతాను ఇచ్చినంతే తీసుకుంటుంది, బోరుబావి అడిగినంతా లాగుతుంది. మట్టం పడిపోయేకొద్దీ తల్లి బావులు ఎండుతాయి. 1962లో మొదలైన భూసంస్కరణలు భూస్వాముల పట్టు తెంచాయి, అది జరగవలసిందే. కానీ కనాత్ పూడిక తీయించే ఖర్చు అంతవరకూ ఆ భూస్వాములే పెట్టేవారు. వారి స్థానంలో చందాలు వసూలు చేసి పని చేయించే ఉమ్మడి ఏర్పాటు చాలా ఊళ్లలో రాలేదు. మన చెరువుల కథతో పోలిక కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది: మరమ్మతు ఎవరిదో తేలకముందే యాజమాన్యం చేతులు మారింది. ఇప్పుడు బోరు అనుమతి ఇచ్చే అధికారం మీరాబ్‌కు లేదు, అది ప్రభుత్వ నీటి శాఖది. ఇరవై ఒక్క వాటాల లెక్క తెలిసిన మనిషికి, నేల ఎంత లోతు నుంచి ఎంత నీరు ఎవరు తోడవచ్చో నిర్ణయించే కాగితంలో మాట లేదు. జిల్లా కేంద్రంలో అన్ని శాఖల ఆఫీసులూ పక్కపక్కనే ఉన్నా ఈ రెండు లెక్కలు ఒక్క బల్ల మీదికి రావడం కష్టంగానే ఉంది.

మూన్ కనాత్ మాత్రం ఇంకా పారుతోంది. అర్దెస్తాన్ దానిమ్మ తోటలు శరత్కాలంలో కాపుకు వస్తాయి. పేటలో మజ్హర్ దగ్గరికి యాత్రికులు వచ్చి ఫొటోలు తీసుకుంటారు, రెండు సొరంగాల నీరూ బయటికి వచ్చే తీరు చూస్తారు. వారు వెళ్లాక ఆ నీరు కాలువ వెంట తోటల వైపు సాగిపోతుంది, ఆ రోజు ఎవరి వంతైతే వారి మడవలోకి.